పన్నెండో గ్యాలరీ కావలి

గాలి గది పుస్తకం. లోపలికి దిగిన ముప్ఫై ఒకటో ఏడు.

రోజు 118

పదకొండు గ్యాలరీల్లోనూ ఫ్యాన్లు తిరుగుతున్నాయి. ఆక్సిజన్ అన్నిచోట్లా ఇరవై శాతానికి పైనే ఉంది. గ్యాస్ జాడ లేదు. పైన ఎండ యాభై మూడు డిగ్రీలు. ఉదయం ఏడు కాగానే గని మొహం దగ్గర తలుపు మూసేశాం. జొన్న చేలకు వెళ్లినవాళ్లంతా అప్పటికే దిగి వచ్చారు.

ఈ పుస్తకానికి కావలసింది ఇంతే. పంతొమ్మిదేళ్లు ఓదెలు సార్ రోజుకు ఈ నాలుగు ముక్కలే రాశారు, గుండ్రటి అక్షరాలతో. ఆయన పోయి ఇవాళ్టికి ఇరవై మూడు రోజులు. బొగ్గు తీసి వదిలేసిన ఈ గని సొరంగాల్లో, అంటే గ్యాలరీల్లో, పద్దెనిమిది వందల మందిమి ఊపిరి పీలుస్తున్నామంటే, ఏ తలుపు ఎప్పుడు తెరుచుకోవాలో, ఏ ఫ్యాన్ ఎంత వేగంగా తిరగాలో చెప్పే కోడ్ ఆయన రాసినందువల్లే. అది ఎలా రాశారో మాత్రం ఇందులో ఎక్కడా లేదు. అందుకే గనికి పెద్ద అయిన ఓవర్‌మన్ భూమక్క నిన్న ఈ పుస్తకం నా చేతికిస్తూ, ఏం చేశానో, ఎందుకు చేశానో కూడా రాయమంది.

నా పేరు స్వరూప. పంపులు బాగుచేసేదాన్ని. ఆరు నెలల కిందట సార్ దగ్గర పనికి చేరాను. ఆయన పక్కన కూర్చుని నాలుగు తలుపులకు కోడ్ రాశాను. రాసినదాన్ని బిల్డ్ చేయడం, అంటే తలుపు పక్కనుండే కంట్రోల్ పెట్టెకు అర్థమయ్యే ఒక్క ఫైలుగా కట్టడం, అది మాత్రం ఎప్పుడూ ఆయనే తన మెషీన్ మీద చేసేవారు. నేర్పమని రెండుసార్లు అడిగాను. దగ్గు ఆపుకుంటూ, తర్వాత చూపిస్తాలే అన్నారు. మూడోసారి అడగలేదు.

ఇప్పుడు ఆ మెషీన్ కూడా లేదు. ఆయన పోయిన ఎనిమిదో రోజున నీళ్ల పంపు బోర్డు కాలిపోయింది. దానికి సరిపోయే బోర్డు గని మొత్తంలో ఆ మెషీన్‌లోనే ఉంది. భూమక్క నన్నడిగింది. తీసుకొమ్మన్నాను. విప్పకముందు అందులో ఉన్నవన్నీ డిస్క్‌లోకి ఎక్కించాను. ఒక ఫోల్డర్ పేరు ‘గాలి’. ఇంకోదాని పేరు ‘ఇంటివి’. రెండోదాన్ని తెరవలేదు. ఆయన భార్య రాజవ్వకు ఇవ్వబోతే తీసుకోలేదు.

“నీ కాడనే ఉంచు బిడ్డా. నాకు సదువు రాదు. వచ్చినా ఇప్పుడు సదవలేను” అంది.

రోజు 123

అన్ని గ్యాలరీల్లో గాలి బాగుంది. ఆరో గ్యాలరీలో కప్పు మళ్లీ పెచ్చులూడింది. అక్కడున్న నలభై కుటుంబాలను ఇంకో పదహారు రోజుల్లో కొత్తగా సిద్ధం చేస్తున్న పన్నెండో గ్యాలరీలోకి మార్చాలి. దానికి ఐదు తలుపులు. ఐదింటికీ కోడ్ రాశాను. బిల్డ్ చేయడమే మిగిలింది.

మరమ్మతు గదిలో మూలపడ్డ మెషీన్ ఒకటి తెచ్చి తుడిచి, పాత డిస్కుల్లోంచి ఒక్కొక్క సాధనం ఎక్కించాను. కోడ్ రాసుకోవడానికి ఎడిటర్, దాన్ని యంత్రభాషలోకి మార్చే కంపైలర్, ఈ పనినంతా వరసలో నడిపించే బిల్డ్ టూల్. ఏ ఫైళ్లు తీసుకోవాలో, ఏ లైబ్రరీలు, అంటే ముందే రాసి ఉంచిన కోడ్ కట్టలు, కలపాలో టూల్‌కు చెప్పే ఫైలు ఒకటి వేరే ఉంటుంది. దాన్ని బిల్డ్ ఫైలు అంటారు. సార్ రాసిన బిల్డ్ ఫైలు ‘గాలి’లోనే దొరికింది. దొరికిందని సంబరపడ్డాను.

మొదటిసారి నడిపితే అరవై ఒక్క తప్పులు చూపించింది. సగానికి పైగా లైబ్రరీలు దొరక్క వచ్చినవి. అవి వెతికి పెట్టేసరికి రెండు రోజులు పట్టింది. మిగిలిన తప్పులన్నీ ఒకే రకం. బొట్టు అంటే ఏమిటో కంపైలర్‌కు తెలియడం లేదు.

బొట్టు సంగతి రాయాలి. ప్రతి తలుపు కోడ్‌కూ పైన @ గుర్తుతో మొదలయ్యే ఒక వాక్యం ఉంటుంది. దాని అసలు పేరు అనొటేషన్. కోడ్ నుదుట ఉంటుంది కాబట్టి సార్ దానికి బొట్టు అని పేరు పెట్టారు. ‘@కావలి, గ్యాస్ ఒకటి దాటితే, లేదా ఆక్సిజన్ పద్దెనిమిదిన్నరకు దిగితే ఫ్యాన్ పూర్తిగా, గంట’ అని రాస్తే, ఆ తలుపుకు కావలి కాయాలని అర్థం. నేను రాసిన తలుపులన్నింటికీ ఆయనే దగ్గరుండి బొట్టు పెట్టించారు. ఇప్పుడు పన్నెండో గ్యాలరీ ఐదు తలుపులకూ నేనే పెట్టాను.

బొట్టు నిర్వచనం ఉన్న చిన్న లైబ్రరీ ఒకటి పాత డిస్కులో కనబడింది. దాని పేరు బిల్డ్ ఫైలులో చేర్చాను. తప్పుల కింద పడ్డ ఎర్రగీతలన్నీ ఒక్కసారిగా మాయమయ్యాయి.

రోజు 127

ఇవాళ ఉదయం పది గంటలకు బిల్డ్ పూర్తయింది. తెర మీద పచ్చటి అక్షరాలతో ‘విజయవంతం’ అని వచ్చింది. ఒక్క తప్పు లేదు, ఒక్క హెచ్చరిక లేదు. సార్ లేకుండా మొదటి బిల్డ్.

విడి కంట్రోల్ పెట్టెకు చిన్న తలుపు, ఫ్యాన్ తగిలించి బల్ల మీద పరీక్షించాను. తలుపు తెరుచుకుంది, మూసుకుంది. ఫ్యాన్ తిరిగింది. సెన్సర్ చూపించే అంకె తెర మీద కనబడింది. సెన్సర్‌కు గ్యాస్ పట్టి చూసే సిలిండర్ అయిపోయి రెండేళ్లయింది కాబట్టి ఆ పరీక్ష చేయలేదు. అక్కర్లేదనుకున్నాను. బొట్టు ఉంది కదా.

మధ్యాహ్నం రాజవ్వ వచ్చింది. జొన్నపిండితో చేసిన సర్వపిండి తెచ్చింది. తాను కూడా పన్నెండో గ్యాలరీకి మారుతున్నానని చెప్పింది. నాలుగో గ్యాలరీలో తామిద్దరూ ఉన్న గది గోడలను చూస్తుంటే ఆయన దగ్గు వినబడుతోందట. ఆమె తమ్ముడు పోశెట్టి కొత్త గ్యాలరీలో గోడలు కడుతున్నాడు. చివరి గది ఆమెకు ఇప్పించాడు.

ఆయన రాసిందేదైనా ఉంటే చూపించమని అడిగింది. ఒక పాత తలుపు కోడ్ తెరిచి బొట్టును చూపించాను. చదివి వినిపించాను. తెర మీద ఆ వాక్యం పొడుగునా వేలు పెట్టి జరుపుకుంటూ వెళ్లింది. “మనిషి ఇంట్ల మాట్లాడకపోయేది. గిక్కడ మంచిగనే మాట్లాడిండు” అని నవ్వింది. ఆయన పోయాక ఆమె నవ్వడం నేను చూసింది అప్పుడే.

రోజు 139

పన్నెండో గ్యాలరీ తెరిచాం. నలభై కుటుంబాలూ, రాజవ్వా చేరారు. నా బిల్డ్‌ను ఆ గ్యాలరీ కంట్రోల్ పెట్టెలోకి ఎక్కించాను. పాత పదకొండింటిలో సార్ చివరగా చేసిన బిల్డే నడుస్తోంది. కొత్త గ్యాలరీ ఒకటి పక్కన చేరిందని వాటికీ తెలిస్తేనే గాలి సరిగ్గా పంచుకుంటాయి. అందుకని 150వ రోజున నా బిల్డ్‌ను అన్ని పెట్టెల్లోకీ ఎక్కించాలని భూమక్కతో కలిసి నిర్ణయించాం.

పిల్లలు కొత్త గోడల మీద సున్నంతో బొమ్మలు గీశారు. పోశెట్టి వాటిని తుడవలేదు.

రోజు 143

పన్నెండో గ్యాలరీ చివర ఉంటున్న ముగ్గురు తలనొప్పని దవాఖానాకు వెళ్లారు. కొత్త సున్నం వాసన వల్ల అయి ఉంటుందని చెప్పి పంపారట. భూమక్క ఒకసారి చూడమంది.

ఉదయం తొమ్మిదింటికి వెళ్లి చూశాను. సెన్సర్ అంకె బాగానే ఉంది. కంట్రోల్ పెట్టెలో గంట మోగిన దాఖలా ఒక్కటీ లేదు. గాలి గదికి తిరిగొచ్చి ఐదు తలుపుల కోడ్ మొదటి నుంచి చివరిదాకా చదివాను. ఐదు బొట్లూ ఉన్నాయి. అక్షరం కూడా తేడా లేదు. గాలిలో లోపం లేదని భూమక్కకు కబురు పంపాను.

సాయంత్రం రాజవ్వ దారిలో కలిసింది. మొహం పీక్కుపోయి ఉంది. పగటిపూట పడుకుని లేస్తే తల బరువుగా ఉంటోందని చెప్పింది.

“ఆ మూల గదిల పండుకోవాల్నంటే ఎట్లనో అయితుంది బిడ్డా. నాలుగోదాంట్లకే మర్లి పొమ్మంటవా?”

“వద్దవ్వా. ఇప్పుడే అన్నీ చూసిన. సార్ పెట్టిన కావలి ఉంది. ఏమన్నయితె గంట కొడ్తది, నువ్ బయటికి వస్తవు.”

ఆమె నా భుజం తట్టి, నువ్వు చెప్పినవంటే సరే అని వెళ్లిపోయింది.

రోజు 146

రాజవ్వ చనిపోయింది.

మధ్యాహ్నం భోజనం చేసి పడుకుంది. అయిదింటికి పోశెట్టి ఆమెకు పుట్టగొడుగుల కూర ఇవ్వడానికి వెళ్లాడు. గది గుమ్మంలోనే అతనికి కళ్లు తిరిగాయి. ఊపిరి బిగబట్టి అక్క చేతులు పట్టుకుని బయటికి లాక్కొచ్చాడు. అప్పటికే ఒళ్లు చల్లబడింది. పక్క రెండు గదులవాళ్లు పనిలో ఉండడం వల్ల బతికారు.

నేను చేతి మీటర్ పట్టుకుని వెళ్లేసరికి ఆ గదిలో ఆక్సిజన్ తొమ్మిది శాతం ఉంది. తలుపు పక్కన పెట్టెలోనూ అదే అంకె కనబడుతోంది. గంట మోగడం లేదు. ఫ్యాన్ మెల్లగా, ఎప్పటిలాగే తిరుగుతోంది.

గ్యాలరీ మొత్తం ఖాళీ చేయించాం.

రోజు 147

తెల్లవారగానే రాజవ్వను పైకి తీసుకెళ్లాం. ఎండ ఎక్కేలోపు అన్నీ అయిపోయాయి.

దిగి వచ్చి సరాసరి గాలి గదికి వెళ్లాను. ఇక కోడ్ చదవదల్చుకోలేదు. కోడ్‌లో ఉన్నదంతా పెట్టెలోకి వెళ్లిందా అన్నది చూడాలనుకున్నాను. ఆ పని తలనొప్పుల కబురు వచ్చిన రోజే చేయాల్సింది.

నాలుగో గ్యాలరీ పెట్టెలోంచి సార్ చేసిన బిల్డ్ తీసి, నా బిల్డ్ పక్కన పెట్టి, రెండింటినీ విప్పాను. సార్ దాంట్లో నలభై ఆరు ఫైళ్లు ఎక్కువున్నాయి. ఒక్కొక్క తలుపు పేరుకు చివర ‘కావలి’ అని ఉంది. పాత పదకొండు గ్యాలరీల్లో తలుపులు సరిగ్గా నలభై ఆరు. గ్యాస్, ఆక్సిజన్ అంకెలను క్షణక్షణం చూస్తూ, హద్దు దాటితే ఫ్యాన్ వేగం పెంచి గంట కొట్టేది ఆ ఫైళ్లే. నా దాంట్లో అలాంటివి ఒక్కటీ లేదు. ‘గాలి’ ఫోల్డర్ మొత్తం వెతికాను. అక్కడా లేవు. వాటిని సార్ చేత్తో రాయలేదు. బిల్డ్ జరిగేటప్పుడు బొట్లు చదివి ఇంకేదో వాటిని రాస్తోంది.

అప్పుడు అర్థమైంది. బొట్టు తనంతట తాను ఏ పనీ చేయదు. దాన్ని చదివేది ఒకటుండాలి. ప్రాసెసర్ అంటారు దాన్ని. అది లేకపోతే కంపైలర్ బొట్టును చూస్తుంది, నిర్వచనం సరిపోతే తప్పు పట్టదు, పక్కకు తప్పుకుని వెళ్లిపోతుంది. అందుకే నాకు పచ్చటి అక్షరాలు వచ్చాయి. ఎర్రగీతలు పోవడానికి నిర్వచనం తెచ్చి పెట్టిన నేను, ఆ నిర్వచనాన్ని వాడుకునేది ఎవరని అడగలేదు.

సార్ మెషీన్ విప్పకముందు ఎక్కించినవాటిలో ఆయన ఎడిటర్ సెట్టింగులు కూడా ఉన్నాయి. తెరిచాను. ‘అనొటేషన్ ప్రాసెసింగ్’ అన్నచోట టిక్కు పెట్టి ఉంది. దాని కింద ప్రాసెసర్ ఉన్న చోటు రాసి ఉంది. ‘ఇంటివి’ ఫోల్డర్‌లో.

ఇక్కడ ఆగిపోయాను. ఆ ఫోల్డర్ రాజవ్వది. ఆమె లేదు. పోశెట్టిని పిలిపించి అడిగాను. గుండు చేయించుకుని వచ్చాడు. తల ఊపి, నా వెనకాల నిలబడ్డాడు.

లోపల రేషన్ లిస్టులున్నాయి. వాళ్ల పెళ్లి ఫొటో ఉంది. రాజవ్వకు మోకాళ్ల నొప్పులకు వాడిన మందుల పేర్లున్నాయి. వాటి మధ్యలో ‘కావలి’ అనే ఫోల్డర్. సెలవు రోజుల్లో ఇంట్లో కూర్చుని రాసుకున్నట్టున్నారు, అక్కడే ఉండిపోయింది. మొదటి ఫైలు నెత్తి మీద ఆయన తనకోసం రాసుకున్న రెండు లైన్లున్నాయి.

‘బిల్డ్ ఫైలులోకి మార్చాలి. నా మెషీన్ మీద తప్ప నడవదు. స్వరూపకు చెప్పాలి.’

తేదీ నాలుగు నెలల కిందటిది. పోశెట్టికి చదివి వినిపించాను. విని వెళ్లిపోయాడు.

రోజు 148

సెన్సర్ల పాత అంకెలు తీసి చూశాను. పైన ఎండ ముదిరి గాలి ఒత్తిడి పడిపోయినప్పుడల్లా, మూసేసిన పాత తవ్వకాల్లోని చెడు గాలి చివరి గదుల గోడల సందుల్లోంచి ఊరుతోంది. మధ్యాహ్నం మూడున్నర నుంచి అయిదున్నర దాకా. నేను ఉదయం తొమ్మిదింటికి వెళ్లి చూసి బాగుందన్నాను.

ప్రాసెసర్‌ను ‘గాలి’లోకి తెచ్చాను. ఎడిటర్‌లో టిక్కు పెట్టలేదు. అది ఒక్క మెషీన్‌లో, ఒక్క మనిషికి తెలిసిన చోట ఉండడం వల్లే ఇదంతా జరిగింది. ముందు ప్రాసెసర్‌ను విడిగా కట్టి, తర్వాత తలుపుల కోడ్‌ను దాని చేత చదివించమని బిల్డ్ ఫైలులోనే రాశాను. ఇక ఎవరు ఏ మెషీన్ మీద నడిపినా అది దానంతటదే జరగాలి.

మొదటిసారి నడిపితే మళ్లీ పచ్చటి అక్షరాలే వచ్చాయి. ఈసారి నమ్మలేదు. కొత్త ఫైళ్లు రావలసిన ఫోల్డర్ తెరిచి చూస్తే ఖాళీగా ఉంది. ప్రాసెసర్ పేరును ఒక్క లైనులో రాసి ఒక నిర్ణీత చోట పెడితేనే కంపైలర్ దాన్ని పిలుస్తుంది. ఆ లైను లేదు. రాశాను. అంతకుముందు బిల్డ్‌లో వచ్చిన ఫైళ్లన్నీ తుడిచేసి మొదటి నుంచి నడిపాను.

యాభై ఒక్క కావళ్లు వచ్చాయి. పాతవి నలభై ఆరు, కొత్తవి ఐదు. చివరి గదికి దగ్గరగా ఉన్న తలుపు కావలి తెరిచి చదివాను. ఇరవై ఆరు లైన్లు. నేను పెట్టిన బొట్టులోంచి అక్షరం తప్పకుండా పుట్టింది.

తర్వాత బిల్డ్ ఫైలులో ఇంకో షరతు చేర్చాను. తలుపుల లెక్కకూ కావళ్ల లెక్కకూ ఒక్కటి తేడా వచ్చినా బిల్డ్ ఆగిపోవాలి. ఎనిమిది లైన్లు. రాయడానికి పావుగంట పట్టింది.

రోజు 150

క్యాంటీన్ హాల్లో సభ పెట్టారు. మూడు వందల మందికి పైగా వచ్చారు. జరిగిందంతా వరసగా చెప్పాను. బొట్లు ఉన్నాయని, చదివేది లేదని, నేను చూసుకోలేదని చెప్పాను. రాజవ్వ అడిగిన మాట, నేను ఇచ్చిన జవాబు కూడా చెప్పాను. ఆమె పోకపోయి ఉంటే ఇవాళ ఇదే బిల్డ్ పదకొండు గ్యాలరీలకూ వెళ్లేదన్నాను. భూమక్క నీళ్లు ఇచ్చింది.

ఓదెలు సార్ చెప్పకపోతే ఈమెకు ఎట్లా తెలుస్తుందని ఒకాయన అన్నాడు. ఆరో గ్యాలరీ నుంచి వచ్చిన ఒకావిడ, పిల్లల్ని ఈమె కోడ్ కింద పండబెట్టనని లేచి వెళ్లిపోయింది. నేను తప్పుకుంటానని చెప్పాను. ఈ పని వచ్చినవాళ్లు ఇంకెవరున్నారో చెప్పమని భూమక్క సభను అడిగింది. ఎవరూ లేరు. నేను ఉండాలని, నాతోపాటు ఇంకొకరు కూర్చుని కావళ్ల లెక్క సరిచూడకుండా ఏ బిల్డూ గాలి గది దాటకూడదని తీర్మానించారు.

ఎవరు కూర్చుంటారని అడిగితే హాలు చివర నుంచి పోశెట్టి చెయ్యెత్తాడు.

రోజు 152

పోశెట్టి ఉదయం ఏడింటికే వచ్చాడు. అతనికి కోడ్ తెలియదు, చదవడం వచ్చు. యాభై ఒక్క పేర్లు కాగితం మీద రాయించుకుని, తెర మీద ఒక్కొక్కటి చూసి టిక్కు పెట్టుకున్నాడు. గంట పట్టింది. చివరి పేరు దగ్గర మాత్రం పెన్ను ఆపి, అసలు ఈ ఫైలు ఏం చేస్తుందో తనకు తెలిసేలా చెప్పమన్నాడు. చెప్పాను. విని పెన్ను బల్ల మీద పెట్టాడు.

“కాగితం మీద ఉన్నది సరే. నిజంగ మోగుతదా?”

చేత్తో తప్పుడు అంకె ఇస్తే బల్ల మీద మోగిందని చెప్పాను. సెన్సర్ దగ్గర చెడు గాలి లేకుండా అంతకుమించి చూడలేమన్నాను.

“చెడు గాలి ఆడనే ఉన్నది గదా. మాపటి జాముకు అదే వస్తది. మా అక్క గదిల నేను పండుకుంట.”

నేను ఒప్పుకోలేదు. అతను నాతో వాదించకుండా భూమక్క దగ్గరికి వెళ్లాడు. నలభై కుటుంబాలూ హాల్లో నేల మీద పడుకుంటున్నాయని, ఒక మనిషి పడుకుని లేచి వస్తే తప్ప వాళ్లు మళ్లీ ఆ గ్యాలరీలో కాలు పెట్టరని చెప్పాడట. భూమక్క నన్ను పిలిచి, అతని నడుముకు తాడు కట్టమని, చేతి మీటర్ పదహారుకు వస్తే గంట మోగినా మోగకపోయినా లాగేయమని చెప్పింది. ఇద్దరు మనుషుల్నీ తోడిచ్చింది.

రోజు 153

కొత్త బిల్డ్‌ను పన్నెండో గ్యాలరీ పెట్టెలోకి ఎక్కించాను. మిగతా గ్యాలరీల్లో సార్ బిల్డే ఉంది.

మూడింటికి పోశెట్టి చివరి గదిలోకి వెళ్లాడు. రాజవ్వ చాప ఇంకా పరిచే ఉంది. పక్కకు జరపకుండా దాని మీదే పడుకున్నాడు. తాడు రెండో కొస నా చేతిలో ఉంది. మిగతా ఇద్దరూ నా వెనక నిలబడ్డారు. తలుపు తెరిచే ఉంచాం. గ్యాలరీ అంతా ఖాళీగా ఉండడంతో ఫ్యాన్ చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు.

మూడు నలభైకి మీటర్‌లో ఆక్సిజన్ ఇరవై దిగింది. మూడు యాభై ఐదుకు పంతొమ్మిది. పోశెట్టి కళ్లు మూసుకున్నాడు. నిజంగా నిద్రపట్టిందో లేదో తెలియలేదు. నా అరచేతుల్లో తాడు తడిసిపోయింది. 

నాలుగు దాటి ఆరు నిమిషాలకు మీటర్ పద్దెనిమిదిన్నర చూపించింది. గంట మోగింది. ఆ వెంటనే ఫ్యాన్ గొంతు పెరిగింది, గాలి ఈడ్చికొట్టింది, గోడ మీద పిల్లల బొమ్మల సున్నం పొడి మా మొహాల మీద పడింది. పోశెట్టి ఉలిక్కిపడి లేచి కూర్చున్నాడు. తాడు లాగే పని పడలేదు. తనే నడిచి వచ్చాడు.

వచ్చి నా పక్కన నేల మీద కూలబడ్డాడు. గంట మోగుతూనే ఉంది. మీటర్‌లో అంకె మెల్లగా పైకి జరుగుతోంది. పద్దెనిమిదిన్నర, పంతొమ్మిది, పంతొమ్మిదిన్నర. ఇరవై దాటాక గంట ఆగింది. వెనకనున్న ఇద్దరూ భూమక్కకు చెప్పడానికి పరుగెత్తారు.

పోశెట్టి నడుముకున్న తాడు ముడి విప్పుకోబోయాడు. బిగుసుకుపోయి రాలేదు. నేను విప్పాను.

“గిట్ల మోగితె మా అక్క లేచేదే” అన్నాడు.

“లేచేదే అన్నా” అన్నాను.

అతను తల ఊపాడు. ఇద్దరం అక్కడే కూర్చున్నాం. కాసేపటికి అవతలి చివర నుంచి మాటలు వినబడ్డాయి. మూటలు నెత్తిన పెట్టుకుని, పిల్లల చేతులు పట్టుకుని జనం లోపలికి వస్తున్నారు. వాళ్లకు దారివ్వడానికి ఇద్దరం లేచి గోడకు ఆనుకుని నిలబడ్డాం.